రెండు వేళ్ళు తగ్గిన రెండో తరగతి

సోమవారం మొదటి పీరియడ్ సగం కాకముందే తేలిపోయిన సంగతి ఏమిటంటే, రెండో తరగతి పిల్లలందరూ శుక్రవారం కంటే రెండు వేళ్ళు పొట్టి అయిపోయారు.

ముందు బయటపడింది నిచ్చెన విషయంలో. క్లాసులో అందరికంటే పొడుగు కాబట్టి వాడికా పేరు. గోడకి అతికించిన కాగితపు జిరాఫీకి వీపు ఆనించి నిలబడ్డాడు. టీచర్ వాడి నెత్తిమీద పుస్తకం అడ్డంగా పెట్టి, దాని అంచు జిరాఫీని ఎక్కడ తాకిందో చూశారు. శుక్రవారం వాడు తన ఎత్తు దగ్గర అతికించుకున్న పసుపు చుక్క పుస్తకానికి పైన ఉంది. టీచర్ మధ్యలో వేళ్ళు పెట్టి చూశారు. రెండు పట్టాయి.

మడమలు ఆనించావా అని అడిగితే ఆనించానన్నాడు. మోకాళ్ళు వంచావా అంటే లేదన్నాడు. రెండో పిల్లని పిలిచారు. ఆ పిల్లా రెండు వేళ్ళు తక్కువే. మూడో వాడూ అంతే. అయిదో పిల్ల వంతు వచ్చేసరికి క్లాసులో గుసగుసలు ఆగిపోయాయి. కిటికీ పక్కన ఒకమ్మాయి సన్నగా ఏడుపు మొదలుపెట్టింది. పెరిగే పిల్లవని వాళ్ళమ్మ పొడుగు గౌను కొన్నదట. ఇప్పుడది నేలమీద జీరాడుతుందని దాని బెంగ.

ఆ వారం రెండో తరగతికి పాఠం కొలతలు. శుక్రవారమే మొదలైంది. ఆ రోజు టీచర్ బల్లని అందరూ జానలతో కొలిచారు. నిచ్చెన జానకి ఏడు వచ్చింది, మిరియం జానకి తొమ్మిది వచ్చింది. బల్ల ఒకటే అయినప్పుడు జవాబు రెండెలా అవుతుందని, ప్రతిదానికీ లేచి వాదించే లాయరు అనే కుర్రాడు లేచాడు. ఎవరి చేత్తో వాళ్ళు కొలిస్తే అంతేనని, అందుకే అందరికీ కలిపి ఒక కొలత కావాలని టీచర్ చెప్పారు. అలా వచ్చింది జిరాఫీ. పాదాల నుంచి కొమ్ముల దాకా గీతలు గీసి, తలకాయ దాదాపు కప్పుకి తగిలేటట్టు అతికించారు. కింద గోడ అంచు పొడవునా పిల్లలు కత్తిరించిన పచ్చకాగితం గడ్డి పెట్టారు. టీచర్ చెప్పిన సూత్రం ఒక్కటే. ఒకే దాన్ని ఒకే కొలతతో రెండుసార్లు కొలిస్తే ఒకే జవాబు రావాలి. రాలేదంటే ఏదో కదిలిందన్నమాట.

ఈ సూత్రం మిగతావాళ్ళు ఆ సాయంత్రానికే మరిచిపోయారు. మిరియం మరిచిపోలేదు. దానికి కారణం ఉంది.

మిరియం అంటే ముందు బెంచీలో తలుపు పక్కన కూర్చునే పిల్ల. మనిషి గింజంత, మాట ఘాటు. బడిలో చేరిన రోజు నుంచీ అదే బెంచీ. దాని కళ్ళు మాత్రం చివరి బెంచీ మీద ఉండేవి. అక్కడ కిటికీ గట్టుమీద గాజుతొట్టి, తొట్టిలో రెండు చేపలు. వాటికి మేత వేసే హక్కు చివరి బెంచీ వాళ్ళది. ఇంకెవరూ తొట్టిమీద చెయ్యి వెయ్యకూడదు. జిరాఫీ రొమ్ము మీద టీచర్ ఎర్ర గీత గీశారు. గీత దాటినవాళ్ళు వెనక్కి వెళ్ళాలి, అప్పుడు పొట్టివాళ్ళకి బోర్డు కనిపిస్తుంది. శుక్రవారం మిరియం ఆకుపచ్చ చుక్క ఎర్ర గీతకి ఒక వేలు పైన పడింది.

అంతలో బెల్లు కొట్టారు. సోమవారం రెండోసారి కొలుద్దాం, అదే జవాబు వస్తే సంచీ తీసుకుని వెనక్కి వెళ్దువుగాని అన్నారు టీచర్. సెలవు రెండు రోజులూ మిరియం ఇంట్లో ఇదే పాట. బేకరీ నుంచి మోచేతుల దాకా పిండితో వచ్చిన వాళ్ళమ్మ, ఆ చేపలు ఎంత పుణ్యం చేసుకున్నాయో అని నవ్వింది. తాతయ్య మాత్రం నవ్వలేదు. తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న. ఆ బడి వ్యాన్ నడిపేది ఆయనే. ఆరడుగుల మనిషి, క్లాసు గుమ్మం దగ్గర తల వంచకపోతే బొప్పి కట్టాల్సిందే. అమ్మ తెల్లవారకముందే పనికి వెళ్తుంది కాబట్టి మిరియానికి జడలు వేసేది కూడా ఆయనే. సోమవారం పొద్దున జడలు వేస్తూ, కొలిచేది ఇవాళేనా అని రెండుసార్లు అడిగాడు. రోజూ నిటారుగా నిలబడమని ప్రాణం తీసే మనిషి, అంత బిగుసుకుపోయి నిలబడక్కర్లేదులే అని కూడా అన్నాడు.

ఇప్పుడు మిరియం వంతు వచ్చింది. చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి నిలబడింది. పుస్తకం అంచు ఎర్ర గీతకి ఒక వేలు కింద ఆగింది.

టీచర్ ఏమీ అనకముందే అది వెనక్కి తిరిగి తన చుక్కని చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కిందకి జారనివ్వలేదు.

"నేను పొట్టి కాలేదు టీచర్. ఏదో కదిలింది," అంది.

క్లాసంతా ఒక్కసారి మేలుకుంది. ఒకడు, వేడినీళ్ళలో తడిపితే మా నాన్న స్వెట్టరు కుంచించుకుపోయింది, నిన్న ఆదివారం మనందరికీ తలంట్లు పోశారు కదా అన్నాడు. కొంతమంది జుట్టు తడిమి చూసుకున్నారు. రెండు రోజులు చదువుకోకపోతే మనుషులు తగ్గిపోతారేమోనని ఇంకొకమ్మాయి అనుమానం. రెండు వేళ్ళంటున్నారు, అసలు ఎవరి వేళ్ళు అని లాయరు అడిగాడు. మంచి ప్రశ్నే అని టీచర్ ఒప్పుకున్నారు.

మిరియం ఇవేవీ వినడం లేదు. గది చుట్టూ చూస్తోంది. మనుషులే తగ్గితే అన్నిటి దగ్గరా తగ్గాలి కదా. శుక్రవారం మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాపితే అల్మారా గొళ్ళెం దాని మధ్యవేలికి అందింది. వెళ్ళి మళ్ళీ చాపింది. అందింది. నిచ్చెనని పిలిచి కిటికీ పై ఊచ అందుకోమంది. వాడు రోజూ అందుకున్నట్టే అందుకున్నాడు. గౌను పిల్ల కూడా ఏడుపు ఆపి గౌను అంచు చూసుకుంది. అది మోకాలి కిందే ఉంది, నేలకి చాలా ఎత్తులో.

"అయితే మనం కాదు," అంది మిరియం.

"మనం కాకపోతే జిరాఫీ పెరిగిందా? కాగితం అన్నం తింటుందా?" అన్నాడు లాయరు.

అందరూ నవ్వారు. మిరియం నవ్వలేదు. గోడ దగ్గరికి వెళ్ళి నేలమీద బోర్లా పడుకుని, పచ్చకాగితం గడ్డిని వేలితో పక్కకి తప్పించి లోపలికి చూసింది. శుక్రవారం గిట్టలు నేలకి ఆని ఉన్నాయి. ఇప్పుడు గిట్టలకీ నేలకీ మధ్య ఖాళీ గోడ కనిపిస్తోంది. ఆ సందులోకి చెయ్యి దూర్చింది.

"టీచర్, జిరాఫీ గాల్లో ఉంది."

పిల్లలందరూ గడ్డిమీద పడ్డారు. ఒకరి తర్వాత ఒకరు సందు చూసి వచ్చారు. మనిషి తగ్గలేదు, కొలత పైకి పోయింది. అందరికీ ఒకే రెండు వేళ్ళు ఎందుకు తగ్గాయో కూడా అప్పుడే అర్థమైంది. గౌను పిల్ల హాయిగా ఊపిరి పీల్చుకుంది. కానీ అక్కడితో సగమే తేలింది. కాగితం తనంతట తాను గోడెక్కదు. ఎక్కించినవాళ్ళెవరు?

లాయరుకి ఇక పట్టపగ్గాలు లేవు. ఎవరికి లాభమో చూడాలన్నాడు. క్లాసులో పొట్టి అవ్వాలని కోరుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. అక్కడ వాడి బుర్ర ఆగిపోయింది.

మిరియం తలెత్తి జిరాఫీ కొమ్ముల వైపు చూసింది. శుక్రవారం టీచర్ స్టూలెక్కి తెల్ల టేపుతో అతికించారు. ఇప్పుడు అక్కడ నల్ల టేపు ఉంది. కరెంటు వైర్లకి చుడతారే, అలాంటిది. స్టూలు శుక్రవారమే పక్క క్లాసుకి వెళ్ళింది, ఇంకా తిరిగి రాలేదు. అంటే స్టూలు లేకుండా అంత ఎత్తు అందుకున్న మనిషి.

ఆయాని పిలిపించారు. గది తాళం తీసి ఊడ్చేది ఆవిడే. ఆ జిరాఫీ జోలికి తను వెళ్ళలేదని, కిందటేడు బొమ్మ ఏనుగు చెవి చీపురు తగిలి ఊడితే పడ్డ చీవాట్లు ఇంకా చెవిలోనే ఉన్నాయని చెప్పింది. పొద్దున పిల్లలు వరండాలో వరస కట్టినప్పుడు ఎవరైనా లోపలికి వచ్చారా అని టీచర్ అడిగారు.

"పరాయివాళ్ళెవరూ రాలేదమ్మా. వ్యాన్ తాతగారొచ్చారు. పిల్లలు బండిలో మరిచిపోయిన సంచులు రోజూ తెచ్చి పెడతారుగా, అట్లాగే పెట్టి వెళ్ళారు," అంది ఆయా.

టీచర్ పక్క క్లాసు నుంచి స్టూలు తెప్పించి, ఎక్కి నల్ల టేపు ఊడదీశారు. ముక్క మిరియం కళ్ళ ముందుకి వచ్చింది. అంచు కత్తెరతో కోసినట్టు తిన్నగా లేదు, రంపపు పళ్ళలా ఉంది. నోటితో కొరికి తెంపితే అలా వస్తుంది.

మిరియం చెయ్యి మెల్లగా మెడలో వేలాడుతున్న నీళ్ళసీసా మీదికి వెళ్ళింది. దాని పట్టీ తెగితే ఇంట్లో నల్ల టేపు చుట్టి బాగు చేశారు. అంచు మీద అవే గాట్లు. దొంగ ఆనవాలు పొద్దుటి నుంచీ దాని మెడలోనే ఉంది.

పట్టీని గబుక్కున పిడికిట్లో దాచేసింది. ఇప్పటిదాకా గది గదంతా తవ్వి ఇప్పుడేంటి నోట్లో నీళ్ళు పోసుకున్నావు అని లాయరు నిలదీశాడు. నాకు తెలీదు అంది. 

టీచర్ ఆ పిడికిలి చూశారు. దాన్నుంచి తలుపు అవతలికి, గేటు దగ్గర ఆగి ఉన్న పచ్చ వ్యాన్ వైపు చూశారు. తర్వాత లాయరు వైపు తిరిగి, మన పాఠం కొలతలు, పోలీసు పాఠం పెద్ద క్లాసులో వస్తుందిలే అన్నారు. జిరాఫీని కిందకి దించి, గిట్టలు నేలకి ఆనించి అతికించారు. మళ్ళీ మొదటి నుంచీ కొలిచారు. పుస్తకం అంచు ఒక్కొక్కరి చుక్క దగ్గరా సరిగ్గా ఆగుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. మిరియం ఎర్ర గీతకి ఒక వేలు పైన. రెండోసారీ అదే జవాబు. ఇంటర్వెల్ అయ్యాక సంచీ తీసుకుని వెనక్కి వెళ్ళు, ఇవాళ చేపల మేత కూడా నీదే అన్నారు టీచర్.

ఇంటర్వెల్ బెల్లు మోగగానే మిరియం చేపల వైపు వెళ్ళలేదు. తిన్నగా గేటు దగ్గరికి నడిచింది.

తాతయ్య వ్యాన్ తలుపు తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు. మనవరాలు ఎదురుగా నిలబడి నీళ్ళసీసా పట్టీ పైకెత్తి చూపించింది. ఏమ్మా, మళ్ళీ తెగిందా అన్నాడు.

"జిరాఫీని ఎందుకు ఎత్తావు తాతయ్యా?"

ఏ జిరాఫీ అంటూ ఆయన అద్దం తుడవడం మొదలుపెట్టాడు. టేపు మీద నీ పళ్ళ గాట్లున్నాయి అంది మిరియం. అద్దం తుడిచే గుడ్డ ఆగిపోయింది. ఆయన జరిగి చోటిచ్చాడు. మిరియం ఎక్కి పక్కన ఇరుక్కుని కూర్చుని, ఆయన రోజూ చూసే వైపే చూసింది. అక్కణ్ణించి క్లాసు తలుపులో ముందు బెంచీ చివర ఒక్కటే కనిపిస్తోంది. దాని మీద తన పెన్సిలు డబ్బా కనిపిస్తోంది. ఆ తర్వాత అంతా గోడే. చేపలు లేవు, చివరి బెంచీ లేదు.

తాతయ్య స్టీరింగు మీద వేళ్ళు ఆడించాడు. తర్వాత చెప్పాడు.

"నేనే ఎత్తానమ్మడూ. బళ్ళో వేసిన కొత్తలో నువ్వు గేటు పట్టుకుని వదిలేదానివి కాదు. తల తిప్పితే కనిపిస్తా, ఇక్కడే ఉంటా, ఎక్కడికీ పోను అని నీకు మాటిచ్చా. తిప్పేదానివి. పాఠం వినేదానికంటే ఇటు చూసేదే ఎక్కువ. రాన్రానూ తగ్గింది. ఇప్పుడు అసలు తిప్పట్లేదు. మంచిదే, నేను కాదన్నానా? కానీ నాకు అలవాటు పోలేదు. మిగతా డ్రైవర్లు సీటు వాల్చి గుర్రు పెడతారు. నేను నీ జడలు చూస్తూ కూర్చుంటా. లెక్క రాకపోతే చెవి గోక్కుంటావు, వస్తే కాళ్ళూపుతావు. అదే నాకు కాలక్షేపం. నువ్వేమో చివరి బెంచీ అన్నావు. శనివారం ఖాళీ బండి తెచ్చి అటు పెట్టి చూశా, ఇటు పెట్టి చూశా. ఎక్కడ ఆపినా గోడే అడ్డం. ఒక్క రెండు వేళ్ళేగా, ఈ ఏడాదికి ముందు బెంచీలోనే ఉంటుందిలే, ఎవరికి తెలుస్తుంది అనుకున్నా. నీ ఒక్కదాని ఎత్తే తగ్గిస్తున్నా అనుకున్నా తల్లీ. ఆ గదిలో ఉన్న పిల్లలందర్నీ రోజూ ఎక్కించుకొచ్చేది నేనే. అయినా ఆ జిరాఫీ దగ్గర ఇంకెవరైనా నిలబడతారన్న సంగతే నాకు తట్టలేదు."