తోక తెగిన చేపల లెక్క

చెరువులో ఎన్ని చేపలున్నాయో తేలితేనే ఎన్ని పట్టవచ్చో మత్స్యకారుల సంఘం చెబుతుంది. కోతల పండుగకు ఊరందరికీ చేపల పులుసని చర్చిలో మాట ఇచ్చేసిన నెహెమ్యాకు అదే పరేషాన్. మత్స్యశాఖ సారు చెప్పినట్టు వంద చేపల తోక కొసలను నారాయణఖేడ్‌లో కొన్న కత్తెరతో కత్తిరించి, తూము దగ్గర వదిలాడు. మళ్లీ వల వేసినప్పుడు అవి ఎంత తక్కువ పడితే చెరువులో చేపలు అంత ఎక్కువున్నట్టు.

వారం తర్వాత అక్కడే వల విసిరాడు. యాభై పడ్డాయి. నలభై ఎనిమిదింటికి తోక తెగి ఉంది.

"చెర్వు మొత్తం నూరు చేపలేనా? పులుసుల ఉత్త నీళ్లే పోస్తవా ఏంది?" అన్నాడు సంఘం పెద్ద దేవానందం.

అక్కడే గిన్నెలు తోముతున్న నెహెమ్యా భార్య ఎలీసబెతు పగలబడి నవ్వింది. "నేను రోజూ ఈడ్నే కడుగుత. మెతుకులు మరిగి అవి ఇక్కడికెల్లి కదుల్తలెవ్. నువ్వు లెక్కవెట్టింది కోళ్ల తీర్గ నేను మేపుతున్న చేపలనే!"

ఈసారి చెరువంతా పది చోట్ల వల వేశారు. వంద పడితే ఐదే తోక తెగినవి, ఇరవైకి ఒకటి. అంటే చెరువులో రెండు వేలు! నెహెమ్యా నడుంలోతు నీళ్లలో గంతులేశాడు.

"ఒక్కపారి తప్పిన లెక్క గిది. రెండు నూర్లే పట్టు. తోక తెగినయి మాత్రం ఇడిచిపెట్టు, వచ్చే లెక్కకు కావాలె" అన్నాడు దేవానందం.

"రెండు నూర్లు సాలు కాకా, ఊరంతా తిన్నా మిగుల్తది!"

పండుగనాడు మొదటి బంతిలో దేవానందం తన పళ్లెంలోని ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. తోక కొస తెగి ఉంది.

"ఓ నెహెమ్యా! లెక్కల చేపను నాకే వెట్టినవా?"

బంతి బంతంతా నవ్వుతుంటే నెహెమ్యా ఇంకో గరిటె పులుసు పోశాడు.

"తిను కాకా. ఇంక తొంభై తొమ్మిదున్నయ్."