ఐదు వందలు దాటిన రోజు

ఆ ల్యాబులో ఆమెను అందరూ డేగకన్ను అనేవారు. ఉత్తినే అనలేదు లెండి. ఇరవై ఆరేళ్ళుగా మైక్రోస్కోపు ముందు కూర్చుని తెల్ల రక్తకణాలను రకాల వారీగా లెక్కపెట్టే పని ఆమెది. ఒక్కో రకానికి ఒక్కో మీట ఉన్న చిన్న యంత్రం ఆమె ఎడమచేతి కింద టకటకలాడుతూ ఉంటుంది, నూరో కణానికి గంట కొడుతుంది. ఆమె వేసిన లెక్కను మళ్ళీ చూడమని పెద్ద డాక్టరు కూడా ఏనాడూ అడగలేదు. అదే కొంప ముంచింది.

భర్త టైలరు. పెళ్ళయిన కొత్తలో ఆమె భోజనాల దగ్గర కణాల కబుర్లు మొదలుపెడితే ముక్కు చిట్లించేవాడు. పోనుపోను వాటికి అత్తింటివాళ్ళ పేర్లు తగిలించి ఆటపట్టించడం మొదలుపెట్టాడు. న్యూట్రోఫిల్‌కు కేంద్రకం మూడు నాలుగు తునకలుగా విడిపోయి ఉంటుంది. గాయం తగిలిన చోటికి అందరికంటే ముందు పరిగెత్తి, సూక్ష్మజీవుల్ని మింగి, అక్కడే చచ్చి చీముగా మారిపోతుంది. అది "మీ తమ్ముడు", ఎక్కడ గొడవైనా గుండీలు పెట్టుకోకుండా ఉరుకుతాడని. ఒళ్ళంతా గుండ్రటి కేంద్రకమే అయి, ఒకసారి చూసిన శత్రువును ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకునే లింఫోసైట్ "మీ అమ్మ". ఎర్రటి గింజలతో నిండి, కాస్త ఏది పడకపోయినా ఎగిరిపడే ఇయోసినోఫిల్ "మీ పెద్దక్క". ముదురు గింజల చాటున కేంద్రకం కూడా కనపడనివ్వక, ఎప్పుడో గానీ తారసపడని బేసోఫిల్ "మీ నాన్న". అన్నిటికంటే పెద్ద ఒళ్ళు, మడతపడ్డ కేంద్రకం, చచ్చినవాటిని కూడా వదలకుండా తిని శుభ్రం చేసే మోనోసైట్ మాత్రం "నేను" అనేవాడు, కంచం ఊడ్చుకుంటూ.

అలాంటి మనిషికి రక్తంలో క్యాన్సరు వచ్చింది. మందులు చెడ్డ కణాలతో పాటు మంచివాటినీ తుడిచిపెట్టేశాయి. ఆయన్ను అద్దాల తలుపున్న గదిలో ఒంటరిగా పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కూతురికి ఆడపిల్ల పుట్టింది.

"న్యూట్రోఫిల్స్ ఐదు వందలు దాటాలి," అన్నాడు డాక్టరు. "అప్పుడే అమ్మాయినీ బిడ్డనీ లోపలికి రానిస్తాను. అంతవరకూ చిన్న జలుబు తగిలినా మనం చెయ్యగలిగింది ఉండదు."

ఇక రోజూ అదే గొడవ. ఆమె మాస్కు కట్టుకుని గుమ్మంలోకి రాగానే, "ఎంతయిందే?" అనేవాడు.

"తొంభై."

"నీ తమ్ముడు ఎప్పుడూ ఇంతే. అవసరానికి రాడు."

సొంతవాళ్ళ స్లైడు సొంతవాళ్ళు చూడకూడదని ఆ ల్యాబులో నియమం. పక్క బల్ల ఆవిడకు ఇవ్వాలి. పన్నెండో రోజు పొద్దున స్లైడు రాగానే ఆమె తన వైపు లాక్కుంది. ఆవిడ కంగారు మనిషి, ఒకటీ అరా వదిలేస్తే? తన మొగుడి రక్తం తనకంటే బాగా ఎవరు చూస్తారట!

ముప్పై నాలుగు న్యూట్రోఫిల్స్ నికరంగా తేలాయి. మరో పదిహేను కణాల దగ్గర చెయ్యి ఆగింది. కేంద్రకం వంగి ఉంది. ఒళ్ళు గులాబీ రంగైతే అవి లేత న్యూట్రోఫిల్స్. బూడిద నీలమైతే మోనోసైట్లు. ఎముకల్లోని మూలుగ మళ్ళీ మేలుకునేటప్పుడు మోనోసైట్లే ముందు వస్తాయని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది ఆమే. తెలిసి చేసిందా అంటే, ఒట్టు, లేదు. ఆ పొద్దున అవి ఆమెకు నిజంగానే గులాబీగా కనిపించాయి. న్యూట్రోఫిల్ మీటను పదిహేనుసార్లు నొక్కింది. నూటికి నలభై తొమ్మిది. మొత్తం తెల్ల కణాలు పదకొండు వందలు గనక, ఐదు వందల ముప్పై తొమ్మిది.

ఆ సాయంత్రం తాత మనవరాలిని ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలూ చిటికెనవేలూ చాపి భుజం కొలిచాడు. "జానెడు కూడా లేదే! అర మీటరు గుడ్డలో రెండు గౌన్లు కుట్టేస్తాను," అని మురిసిపోయాడు. కూతురు మాస్కు వెనక రెండుసార్లు దగ్గింది. ఎవరూ పట్టించుకోలేదు.

మూడో రోజుకు ఆయనకు జ్వరం వచ్చింది. ఈసారి స్లైడు పక్క బల్లకు వెళ్ళింది. కాసేపటికి ఆవిడ రెండు స్లైడులు పట్టుకుని వచ్చి నిలబడింది.

"అక్కా, మొన్నటిది కూడా చూశాను. ఇవి... మోనోసైట్లు కదక్కా?"

ఆమె కన్ను ఆనించింది. పది సెకన్లు కూడా పట్టలేదు. పదిహేనూ బూడిద నీలంగా ఉన్నాయి. అసలు లెక్క మూడు వందల డెబ్భై నాలుగు.

డాక్టరుకు ఆ క్షణమే చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు, మందులు మార్చాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఐదో రోజున టైలరు పోయాడు. ఇన్ఫెక్షను ఎటునుంచైనా వచ్చి ఉండొచ్చు, ఆయన ఒంట్లోంచే కూడా వచ్చి ఉండొచ్చన్నాడు డాక్టరు.

మూడు వారాలు గడిచాయి. కూతురు ఇంట్లో కూడా మాస్కు తియ్యడం లేదు. చేతులు కడిగి కడిగి చర్మం పగిలిపోయింది. పాలివ్వడానికి తప్ప బిడ్డను దగ్గరకు తీసుకోవడం లేదు. అమ్మమ్మ ఒళ్ళోనే పెరుగుతోంది పాప.

"ఆ రోజు గొంతులో గరగర ఉందని నాకు తెలుసమ్మా," అంది కూతురు ఒక మధ్యాహ్నం, గోడ వైపు చూస్తూ. "చెబితే పంపించరని దాచాను. నాన్నని నేనే చంపాను. రేపు దీనికి కూడా ఏమన్నా అయితే..."

తల్లి ఒళ్ళోని పాపను ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. ఇంకొక్క రోజు ఊరుకుంటే ఈ పిల్ల తనకు మిగలదు. చెబితే కూడా మిగలదేమో. అయినా చెప్పింది.

"నీ దగ్గు కాదమ్మలూ. ఆ రోజు నిన్ను అసలు లోపలికి రానివ్వకూడదు. ఐదు వందలు దాటలేదు. నేనే తప్పు లెక్క వేశాను."

కూతురు తల తిప్పింది. "నువ్వా?"

"నేనే. నేను చూడకూడని స్లైడు తీసుకుని చూశాను."

"ఎన్ని తప్పు పోయాయి?"

"పదిహేను."

కూతురు మాస్కు తీసేసింది. లేచి వచ్చి, తల్లి ఒళ్ళోంచి బిడ్డను తీసుకుని, ఇన్నాళ్ళకు మొదటిసారి బుగ్గకు బుగ్గ ఆనించి గట్టిగా హత్తుకుంది. ఆ తర్వాత గదిలో ఆ చివరకు వెళ్ళి, తల్లికి వీపు చేసి కూర్చుంది.