గోతుల్లో కుళాయిలు

చంద్రరావు మునిసిపాలిటీలో ఫిట్టరు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి రెంచీ పట్టుకున్నవాడు, ముప్పై ఏళ్ళయినా దాన్ని దించలేదు. ఈ ముప్పై ఏళ్ళలో నీళ్ళ సెక్షనుకి ఏడుగురు ఏ.ఈ.లు, అంటే అసిస్టెంటు ఇంజనీర్లు, వచ్చారు, పోయారు. వచ్చిన ప్రతివాడూ ఓ కొత్త కాగితం పట్టుకొచ్చాడు, బదిలీ అయినప్పుడు దాన్ని బీరువాలో పడేసి పోయాడు. పైపులు మాత్రం వేసిన చోటే తుప్పు పడుతున్నాయి. అందుచేత చంద్రరావుకి కాగితాలంటే నమ్మకం లేదు. వాటిని తెచ్చేవాళ్ళంటే అసలే లేదు.

ఎనిమిదో ఏ.ఈ. పేరు శాంతికుమార్. నిండా పాతికేళ్ళు లేవు. 2003 మే నెలలో, కాలువలు కట్టేసిన మూడో వారంలో, ఓ పొద్దున్నే చంద్రరావుని మునిసిపాలిటీ వారి మంచినీళ్ళ చెరువు గట్టు మీదికి తీసుకెళ్ళాడు.

"మెట్లు ఎన్ని బయటపడ్డాయో చూశారా చంద్రరావు గారూ?"

"ఆయ్. ఏటా పడేవేనండి."

"ఏటా ఈపాటికి ఏడు. ఈసారి పదకొండు. కాలువ వదలడానికి ఇంకా నెల ఉంది. ఈ నీళ్ళు ఇరవై రోజులకి మించి రావు."

"గోదారి పక్కన పెట్టుకుని నీళ్ళకి ఏడవడం ఏంటండీ?" అన్నాడు చంద్రరావు. ఆ మాట ఊళ్ళో అందరూ అనేదే. అనేసి అందరూ ఊరుకునేదే.

కుర్రాడు ఊరుకోలేదు. "మనం వంద బిందెలు తోడి పంపిస్తే ఇళ్ళకి చేరేవి అరవై. ఆ నలభై ఎక్కడికి పోతున్నాయో మీకు తెలీదూ?"

చంద్రరావు బీడీ వెలిగించుకున్నాడు. తెలియకేం? అతనికి తెలిసినంత ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు.

పదిహేనేళ్ళ కిందట అతనుండే పాత మిల్లు వీధిలో నీళ్ళ జోరు తగ్గింది. మోకాలెత్తు కుళాయికి నీళ్ళెక్కకపోతే ఒకాయన గుమ్మం పక్కన మోకాల్లోతు గొయ్యి తవ్వించి, పైపు కోసి, గోతిలోకి దించుకున్నాడు. ఆయనకి నీళ్ళొచ్చాయి, పక్కింటాయనకి ఆగిపోయాయి. పక్కింటాయన నడుంలోతు తవ్వించాడు. ఆ పక్కాయన ఛాతీలోతు. ఇలా పందెం వేసుకున్నట్టు తవ్వుకుంటూ పోతే, చివరికి వీధిలో నలభై ఒక్క ఇళ్ళకి ముప్పై ఎనిమిది గోతులు తేలాయి. గోతిలో పైపుకి కుళాయి ఎవడూ బిగించడు. నీళ్ళొచ్చే గంటా వచ్చినన్ని వస్తాయి, బిందెలు నిండాక మిగిలినవి గొయ్యి నిండి మురిక్కాలవలో కలుస్తాయి. ఆడవాళ్ళు పొద్దున్నే బావిలోకి దిగినట్టు దిగి, వంగి పట్టుకుని, పైకి అందించుకోవాలి.

ఆ గోతులన్నీ చంద్రరావు చేతుల మీదుగా తవ్వినవే. "ఫిట్టరు గారూ, ఇంకో జానెడు దింపి పుణ్యం కట్టుకోండి" అని బతిమాలితే కాఫీ తాగి, జేబులో పెట్టింది పెట్టించుకుని, దింపేవాడు. ఆఫీసులో 'ఒరే' అని పిలిపించుకునే మనిషికి ఆ వీధిలో 'గారు' దొరికింది ఆ గోతుల వల్లే.

ఇంకో సంగతి కూడా అతనికి తెలుసు. అది ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు ఆపెయ్యగానే ఖాళీ అయిన పైపు ఊపిరి లోపలికి పీలుస్తుంది. నోరు ఎక్కడుంటే అక్కడిది పీలుస్తుంది. నోరున్నది మురుగు నిండిన గోతిలో. కిందటి వానాకాలం ఆ వీధిలో అయిదుగురికి కామెర్లు వచ్చాయి. అందులో ఒకత్తె అతని భార్య వెంకటదుర్గ. రెండు నెలలు ఆవిడ కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. చప్పిడి కూడు తింటూ ఆవిడ మంచం మీద పడుంటే, చంద్రరావు ఆ కళ్ళలోకి చూడలేక గోడకేసి చూస్తూ మాట్లాడేవాడు.

"ముందు ఒక వీధి చేద్దాం" అంటున్నాడు శాంతికుమార్. "ఒక్కరోజులో గోతులన్నీ పూడ్చి, పైపులు రెండున్నర అడుగులు పైకి లేపి, అన్నిటికీ కుళాయిలు బిగిద్దాం. ఒక్కటి మిగిలినా లాభం లేదు. నీళ్ళెక్కితే ఊరంతా చేద్దాం. ఎక్కకపోతే నేనే మానేస్తాను. ఏ వీధితో మొదలెడదామంటారు?"

"మా వీధే" అన్నాడు చంద్రరావు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు.

ఇంటికొచ్చి చెప్తే వెంకటదుర్గ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"మతి గాని పోయిందా మీకు? నీళ్ళు రాకపోతే ఆ ఇడ్లీల రత్నమాణిక్యం వచ్చి నా జుట్టు పట్టుకుంటుంది. మీది పట్టుకుందామంటే మీకెలాగూ లేదు!"

"పంపు తోడేది చాలే దుర్గా. అన్ని నోళ్ళూ మూస్తే పైకెక్కుతాయి."

"పదిహేనేళ్ళ నించీ ఆ ముక్క తెలిసే తవ్వారా?"

చంద్రరావు గుమ్మంలో కూలబడ్డాడు. ఈసారి గోడకేసి చూడలేదు. "నీ కామెర్లు ఆ గోతిలోంచే వచ్చాయే" అన్నాడు.

ఆవిడ గరిటె గుమ్మం పక్కన పెట్టింది. "మన గొయ్యి తవ్వింది మీరే కదండీ" అంది.

"నేనే."

వెంకటదుర్గ లోపలికెళ్ళింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. రెండూ కాలేదు. పెరట్లోంచి తట్టెడు మట్టి ఎత్తుకొచ్చి, గుమ్మం పక్క గోతిలో ధబీమని కుమ్మరించి, చెయ్యి దులుపుకుంది. "కానివ్వండి. ముందు మనదే అవ్వనీండి, ఎవరూ నోరెత్తరు" అంది.

ఎత్తకుండా ఎలా ఉంటారు? ఆదివారం నాడు కూలీలు పలుగులూ పారలూ తెచ్చేసరికి వీధంతా బయటికొచ్చింది. అందరికంటే ముందు భీమరాజు. మండపేట రైసుమిల్లులో లారీ తోలి తోలి రిటైరైన మనిషి. ఆయన మామూలుగా మాట్లాడినా హారన్ కొట్టినట్టుంటుంది.

"నువ్వే తవ్వావు, నువ్వే పూడుస్తానంటున్నావు. ఎల్లుండి మళ్ళీ నువ్వే తవ్వుతావు. ఉద్యోగం అంటే నీదేనయ్యా చంద్రరావూ!"

వీధి చిట్టచివర ఇడ్లీలమ్మే రత్నమాణిక్యం నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "పప్పు నానబోశానండి ఏ.ఈ. గారూ. రేప్పొద్దున నీళ్ళు రాకపోతే ఆ పిండి తెచ్చి మీ ఆఫీసు గుమ్మానికి అలికేస్తాను. చెప్పలేదనకండి."

"వస్తాయండి" అన్నాడు శాంతికుమార్.

"రాకపోతే?"

"మళ్ళీ తవ్వించేస్తాను."

ఆ ఒక్క మాట మీద ఒప్పుకున్నారు. చంద్రరావు జ్ఞాపకం మీద రాసుకున్న చీటీ చూసుకుంటూ ఒక్కో ఇంటికీ తిరిగాడు. సాయంత్రానికి ముప్పై ఎనిమిది గోతులూ పూడాయి. గుమ్మాల పక్కన నడుమెత్తున కొత్త కుళాయిలు నిలబడ్డాయి. చూడ్డానికి బాగానే ఉన్నాయి. నీళ్ళు రాని కుళాయి కూడా చూడ్డానికి బాగానే ఉంటుంది, అనుకున్నాడు చంద్రరావు.

మర్నాడు ఆరింటికి వీధి మొదట్లో వాల్వు తిప్పారు. మొదటి ఇంట్లో కుళాయి బుసకొట్టింది, దగ్గింది, భళ్ళున పోసింది. రెండో ఇల్లు, మూడో ఇల్లు. ఆడవాళ్ళు కేకలేశారు. చంద్రరావు నీళ్ళతో పాటే వీధి వెంట నడిచాడు. పదిహేనో ఇంట్లో ధార బొటనవేలంత. ఇరవయ్యో ఇంట్లో చిటికెనవేలంత. ఇరవై ఆరో ఇంట్లో దారంత. ఆ తరవాత ఏమీ లేదు. ఒట్టి గాలి.

పావుగంటయింది. ఇరవై నిమిషాలయింది. చివరి ఇళ్ళ బిందెలు బోర్లించినట్టే ఉన్నాయి.

"ఏవయ్యా ఫిట్టరూ!" భీమరాజు గొంతు. 'గారు' ఎగిరిపోయింది. "వీధి మొదటోళ్ళకి స్నానాలు, మాకు తిలోదకాలూనా? నువ్వు ఆ మొదటోళ్ళ దగ్గర ఏం మేశావో చెప్పు!"

"మేసుంటే కాస్త ఒళ్ళు చేసేవాణ్ణి కదండీ" అన్నాడు చంద్రరావు. నవ్వు ఎవరికీ రాలేదు, అతనికీ రాలేదు.

భీమరాజు లోపలికెళ్ళి గునపంతో వచ్చాడు. నిన్న పూడ్చిన పచ్చిమట్టిలో దాన్ని దిగేశాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు పారలు తెచ్చారు. శాంతికుమార్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై ఆరో ఇంటి దాకా నీళ్ళొచ్చినవాళ్ళు కూడా ఇప్పుడు తలుపుల్లోకి తప్పుకుంటున్నారు. ఒక్క గొయ్యి మళ్ళీ తెరుచుకుంటే రేపటికి ముప్పై ఎనిమిదీ తెరుచుకుంటాయి. వానాకాలం ఎంతో దూరం లేదు.

"భీమరాజు గారూ, పది నిమిషాలు. మీకు దణ్ణం పెడతాను" అన్నాడు చంద్రరావు. నిజంగానే చేతులెత్తాడు. ఆ మనిషి ఎవరికైనా దణ్ణం పెట్టడం వీధి ఎన్నడూ చూడలేదు. గునపం ఆగింది.

అతను వెనక్కి నడిచాడు. పైపులో నీళ్ళు ఇరవై ఆరో ఇంటి దాకా ఉన్నాయి. ఇరవై ఏడో ఇంటికి లేవు. మధ్యలో ఎక్కడో ఒక నోరు తాగేస్తోంది. మధ్యలో ఉన్నది అమ్మిరాజు ఇల్లు. అమ్మిరాజు పంచదార ఫ్యాక్టరీలో పని దొరికి తణుకు వెళ్ళిపోయి ఆరేళ్ళయింది. గేటుకి వేసిన తాళం తుప్పుతో ముద్దయిపోయింది. లెక్కలోకీ చీటీలోకీ మనుషులున్న ఇళ్ళే ఎక్కాయి, ఇది ఎక్కలేదు. నీళ్ళు పట్టుకునేవాడే లేని ఇంట్లో గొయ్యేంటి?

అప్పుడు చూశాడు. మే నెల ఎండకి వీధిలో గరికపోచ కూడా మాడిపోయింది. అమ్మిరాజు ప్రహరీ లోపల మాత్రం అరటి తుప్ప నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్క ఆకు కూడా వడలలేదు. ఆరేళ్ళుగా తాళం వేసిన ఇంట్లో అరటికి నీళ్ళెవరు పోస్తున్నారు?

యాభైకి దగ్గరపడ్డ మనిషి గోడెక్కి అవతలికి దూకాడు. మోకాలు చెక్కుకుపోయింది. అరటి పిలకలు తప్పించుకుంటూ వెళ్తే వాటి మొదట్లో, ఎండుటాకుల కింద, గొయ్యి. పైపు మొదలంటా తుప్పుపట్టి ఊడిపోయింది. నీళ్ళు సెలయేరులా పొంగి, గోడ కింద కన్నంలోంచి చప్పుడు లేకుండా మురిక్కాలవలోకి జారిపోతున్నాయి. ఆరేళ్ళుగా, రోజూ, గంటసేపు.

"దొరికిందండీ!" అని కేకేశాడు.

గోడ మీద తలలు వరసగా లేచాయి. శాంతికుమార్ తల, భీమరాజు తల, రత్నమాణిక్యం తల. "ఇక్కడ గొయ్యి తవ్విన వెధవ ఎవడు?" అన్నాడు భీమరాజు.

అమ్మిరాజు లేడు. ఆ పేరు చెప్తే సరిపోతుంది.

"నేనేనండి" అన్నాడు చంద్రరావు. "అమ్మిరాజు పెళ్ళయిన కొత్తలో తవ్వాను. తవ్వి మర్చిపోయాను. అన్నీ నేనే తవ్వాను. కామెర్లు కూడా వీటివల్లే వచ్చాయి. తెలిసి నోరు మూసుకున్నాను."

అతను తొడలదాకా గోతిలోకి దిగాడు. పనిముట్ల సంచీలోంచి తీసిన చెక్క బిరడాకి సైకిలు ట్యూబు చుట్టి, ఊడిన చోట దోపి, సుత్తితో దిగ్గొట్టాడు. నీళ్ళు మొహాన చిమ్మాయి. ఇంకోటి కొట్టాడు. చిమ్మడం ఆగింది.

"ఈయన్ని ఏం చెయ్యాలంటారు?" అన్నాడు భీమరాజు, పక్కకి తిరిగి.

"ఏం చేస్తారేంటి?" రత్నమాణిక్యం అందుకుంది. "మీ గృహప్రవేశానికి రెండొందల ఆకులు ఈ తుప్పలోవే కోయించారు. ఎండాకాలం ఇంత పచ్చగా ఎలా ఉందిరా అని ఒక్కనాడైనా అడిగారా? నా ఇడ్లీలకీ ఈ ఆకులే. నేనూ అడగలేదు. గొయ్యి ఆయన తవ్వాడు, దిగి పట్టుకున్నది మనమేగా!"

ఎవరో ఫక్కుమన్నారు. భీమరాజు మీసం కింద ఏదో కదిలింది గాని నవ్వని ఒప్పుకోడానికి వీల్లేదు.

అంతలో వీధి చివర్నించి చప్పుడు. ఖాళీ బిందెలో ధార పడ్డ చప్పుడు. రత్నమాణిక్యం గోడ మీంచి మాయమైంది. "అమ్మో, నా కుళాయి! నా పప్పు! ఎవరైనా బిందె పెట్టండర్రా!" అని కేకలు దూరమయ్యాయి. భీమరాజు గునపం అక్కడే పారేసి పరిగెత్తాడు. మరో నిమిషానికి ఆయన గొంతు వినిపించింది. "ఇదేంటయ్యా, పంచె అంతా తడిపేస్తోంది! కాస్త ఆ మూతి అవతలికి తిప్పి పెట్టాలని తెలీదూ?"

చంద్రరావు గోతిలోనే నిలబడి వగర్చాడు. ఎవరూ తిట్టలేదు. ఇంకా తిట్టలేదు. తిడతారేమో, రేపు తిడతారేమో. కానీ చాలాకాలంగా లోపల బిగిసి ఉన్నదేదో వదులవుతోంది. గోడెక్కబోతే కాలు లేవలేదు.

"చెయ్యివ్వండి ఏ.ఈ. గారూ. దూకేటప్పుడు వయసు గుర్తు రాలేదు."

శాంతికుమార్ వంగి, రెండు చేతులా పట్టుకుని లాగాడు. "ఇలాంటి వీధులు ఊళ్ళో అరవై ఉన్నాయండి" అన్నాడు.

"ఉంటాయండి. గోతులెక్కడున్నాయో నాకంటే ఎవడికి తెలుసు? ముందు తాళాలేసిన ఇళ్ళు చూద్దాం."

గోడ మీద కూర్చుని చూశాడు. వీధి పొడుగునా ఆడవాళ్ళు కుళాయిల దగ్గర నిలబడి నీళ్ళు పట్టుకుంటున్నారు. పదిహేనేళ్ళుగా పొద్దున పూట గోతుల్లోంచి తలలే కనపడే వీధి అది. ఇవాళ మనుషులు నిలువునా కనపడుతున్నారు. వాళ్ళలో వెంకటదుర్గ కూడా ఉంది. బిందె నిండింది. ఆవిడ కుళాయి కట్టేసింది, తడి చెయ్యి మెడకి రాసుకుంది, అతని వైపు చూసి, "ఆ బట్టలతో అక్కడే కూచుంటారా? వచ్చి స్నానం చెయ్యండి, నీళ్ళున్నాయి" అని కేకేసింది.