కవరు తీయని పరుపు

ఊళ్లో చాలామంది నా కొట్లో కొన్న పరుపుల మీదే పడుకుంటారు. ఎవరికి మెత్తనిది కావాలో, ఎవరికి గట్టిది సరిపోతుందో, మనిషి గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూసి చెప్పగలను. పేరుకే పరుపులు, నేను అమ్మేది నిద్ర. మా ఇంట్లో మాత్రం ఆ సరుక్కి కరువొచ్చింది. నెలల తరబడి మా ఆయనకు నిద్ర లేదు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఒక వారం తెల్లవారుజామున డ్యూటీ, ఇంకో వారం సాయంత్రం. కొట్టు మీదే మా ఇల్లు. ఒక గదిలో మంచం పట్టిన అత్తయ్య, ఇంకో గదిలో మేమూ, ఇద్దరు పిల్లలూ. ఆయన కన్ను మూసే వేళకే అత్తయ్యకు దాహం వేస్తుంది, పిల్లలు కొట్టుకుంటారు, కింద నేను సరుకు రాలేదని ఫోన్లో అరుస్తుంటాను. డాక్టరు మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే మర్నాడు కూడా మత్తు ఉంటుంది, బండి నడపకూడదన్నాడు. బండి నడపకపోతే ఇల్లు నడవదు. ఆ మందు మాకు గిట్టుబాటు కాలేదు.

ఈ ఉదయం నేను షట్టరు ఎత్తుతుంటే వెనక వచ్చి నిలబడ్డాడు.

"నిన్న బస్సులో నిద్రపోయా."

"డ్యూటీ అయ్యాకా?"

"నడుపుతూ."

నా చేతిలో షట్టరు సగంలో ఆగిపోయింది.

"వంతెన దిగడం గుర్తుంది. కళ్లు తెరిచేసరికి అద్దానికి ఎదురుగా స్కూలు గోడ. బ్రేకు నా కాలే వేసింది. నేను వేయలేదు."

"జనం ఏమన్నారు?"

"ఏమంటారు, అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక ముసలాయన మాత్రం, ఇక్కడ కొత్తగా స్టాపు పెట్టారా బాబూ అని దిగిపోయాడు."

చెప్పి నవ్వాడు. సగంలో ఆగిన షట్టరు పైకి తోశాను. సాయంత్రం నాలుగింటికి మళ్లీ డ్యూటీ.

"సెలవు పెట్టండి."

"ఇంకెక్కడున్నాయి? ఈసారి ఒంట్లో బాలేదంటే ఇంట్లోనే ఉండమన్నారుగా డిపోలో."

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి మరి."

"చెబితే ఇక జన్మలో బండి ఇవ్వరే. డ్రైవరుకి ఆ మాట ఒకసారి అంటుకుంటే పోదు."

నష్టం రెండు రకాలు. రేపు పూడ్చుకోగలిగేది ఒకటి, ఎన్నటికీ పూడ్చుకోలేనిది ఇంకొకటి. ఎన్నేళ్లు కొట్టు నడిపినా, ఏది ఏదో ఆ క్షణాన తేల్చుకోలేకపోయాను. చేతికి దొరికిన పని చేశాను. లోపల చివరి వరసలోని పరుపు చూపించాను.

"పైకి వెళ్లొద్దు. ఇక్కడే పడుకోండి."

"గిరాకీ ముందా?"

"మిమ్మల్నెవరూ కొనరులెండి."

పడుకున్నాడు. ఒత్తిగిలాడు. ప్లాస్టిక్ కవరు పరపరమంది. లేచి కూర్చున్నాడు.

"ఇక్కడా అదే చప్పుడు."

"ఏ చప్పుడు?"

"మన పరుపు చప్పుడే. కదిలితే పిల్లలు లేస్తారని కట్టెలా పడుకుంటా కదా."

మా ఇంటి పరుపుకు నేను కవరు తీయనివ్వలేదు. సరుకు తక్కువ పడిన రోజున కిందికి దించి అమ్మొచ్చని నా ఆలోచన. కవరుంటే కొత్తది, తీస్తే పాతది, నాకు తెలిసిన లెక్క అదే. కత్తెర తెచ్చి ఆయన కూర్చున్న పరుపు కవరును ఈ చివరి నుంచి ఆ చివరికి చీల్చాను.

"నీకేమైనా పిచ్చా? కొట్లో అన్నిటికంటే ఖరీదైంది."

"కాస్త లేచి అటు జరగండి."

కవరు లాగేశాను. బోర్లా పడుకున్నాడు. నేను ప్లాస్టిక్ మడిచేలోపే గురక వినిపించింది.

పైన అత్తయ్య గ్లాసుతో నేల మీద కొడుతోంది. పరుగెత్తుకెళ్లాను.

"వాడేడీ?"

"కింద పడుకున్నారత్తయ్యా."

"నిద్ర పట్టిందా?"

"పట్టింది."

గ్లాసును చప్పుడు కాకుండా పరుపు మీద పెట్టేసింది. "అయితే దాహం లేదులే. నువ్వెళ్లు."

మధ్యాహ్నం హాస్టల్ నడిపే ఆవిడ వచ్చింది. గదులన్నిటికీ కొత్త పరుపులు కావాలట. అంత పెద్ద బేరం ఈ ఏడాది తగల్లేదు.

"ఎవరమ్మా ఆయన?"

"మా ఆయనండీ. కాస్త మెల్లిగా."

"మనిషి అలా పడున్నాడంటే పరుపు మంచిదే అయ్యుంటుంది. ఓసారి లేపు, నేనూ నడుం వాల్చి చూస్తా."

"ఇంకోటి విప్పి వేస్తానండీ."

"అదే చూడాలి. లేస్తే అరిగిపోతాడా?"

"అది అమ్ముడైపోయిందండీ."

"మనిషితో కలిపా?" అని పెద్దగా నవ్వింది.

ఆయన కదిలాడు. నేను ఆవిడ మోచేయి పట్టుకుని బయటికి పంపి, లోపలినుంచి షట్టరు దించేశాను. "బేరం ఇలాగేనా చేసేది?" అని ఆవిడ వీధిలో నిలబడి అంటూనే ఉంది.

మూడున్నర అయింది. లేపడానికి పక్కన కూర్చున్నాను. ఆయన వెల్లకిలా తిరిగి ఉన్నాడు, కుడికాలు కదులుతోంది. మడమ పరుపు మీద ఆనించి, మునివేళ్లతో గాలిని నొక్కుతోంది. వదిలి మళ్లీ నొక్కుతోంది. నిద్రలోనూ బ్రేకు వేస్తూనే ఉన్నాడు. భుజం మీదికి వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆయన ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్లి, డ్యూటీలు వేసే డిపో కంట్రోలరుకు చేశాను.

"ఆయన ఇవాళ రారండీ."

"మళ్లీ జ్వరమా?"

అబద్ధాన్ని కంట్రోలరే అందిస్తున్నాడు, పుచ్చుకుంటే ఇవాళ్టికి సరిపోయేది. కుంగిపోయే పరుపును పదేళ్లు కుంగదని చెప్పి అమ్మిన నోరు నాది.

"కాదండీ. నిన్న నడుపుతూ నిద్రపోయారు."

కంట్రోలరు గొంతు తగ్గించాడు.

"ఏం చెబుతున్నావో తెలుస్తోందా అమ్మా? ఇది పైకి వెళ్తే మళ్లీ బండి ఎక్కనివ్వరు. ఆయన్నడిగే చేశావా?"

"నిద్రపోతున్నారండీ."

పిల్లలు బడి నుంచి వచ్చారు. నోటి మీద వేలు పెట్టి పెరటి మెట్ల మీదుగా పైకి పంపాను. ఆయన లేచేసరికి షట్టరు సందుల్లో వెలుతురు పోతోంది.

"టైమెంత?"

చెప్పాను.

"ఫోన్ చేశావా?"

"చేశా."

"జ్వరమన్నావా?"

"లేదు."

అరుస్తాడేమోనని చూశాను. అరిచినా బాగుండేది. మోచేత్తో కళ్లు కప్పుకున్నాడు.

"నాకు ఇంకో పని రాదే. ఇప్పుడేం చేయాలి?"

"నాకూ తెలియదండీ."

గోడవైపు తిరిగాడు. పరుపు చప్పుడు చేయలేదు. ఏడుస్తున్నాడో లేదో తెలియలేదు, అడగలేదు. ఇల్లెలా గడుస్తుందో, ఆయన నన్ను క్షమిస్తాడో లేదో, ఏ లెక్కా తెగలేదు. చాలాసేపటికి ఊపిరి బరువెక్కింది. కుడికాలి వైపు చూశాను. కదలడం లేదు.

కత్తెర తీసుకుని పైకి, మా పరుపు దగ్గరికి వెళ్లాను.