దండకో కొక్కెం

నేను ఒక మురుగునీటి పంపుని. అప్పుడే ముక్కు మూసుకోకండి. మీరు స్నానాలగదిలో నీళ్లు గుమ్మరించుకుని, తూములోకి పోయాయిలే అని తలుపేసుకుంటారు చూడండి, ఆ తర్వాత జరిగేదంతా నా బతుకు.

పుట్టింది కోయంబత్తూరు ఫౌండ్రీలో అయినా, నన్ను కోరి పుట్టించింది హైమవతి. సముద్రం పక్క పట్నంలో ఇంజనీరు. ఊరి పేరెందుకులెండి. ఉప్పుటేరు గట్టు కింద పల్లంలో ఉన్న కాలనీకి మురుగు ఎత్తిపోసే స్టేషను కావాల్సొచ్చింది. ఆఫీసులో పెద్దాయన పక్క వార్డు డ్రాయింగు ఆవిడ ముందు పడేసి, "పేరు మార్చి పంపించెయ్యమ్మా, ఏ పంపైనా పంపే కదా" అన్నాడట. ఆవిడకి ఒళ్లు మండింది. డ్రాయింగు అక్కడే వదిలేసి, చెప్పులు చేతపట్టుకుని వానలో కాలనీ అంతా తిరిగింది. గోడల మీద పాత మురికి చారలకి చెయ్యి ఆనించి ఎత్తు చూసుకుంది. తూముల్లో ఏమేం పారేస్తారో ఆడవాళ్లని అడిగి మరీ రాసుకుంది. కొబ్బరిపీచు, జుట్టు, చీరపేలికలు.

అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇల్లు ఎండుచేపలమ్మే నూకరత్నానిది. వానాకాలం వస్తే ఆ ఇంట్లో మంచాల కింద ఇటుకలు పెట్టుకోవడమే. "మురుగు మా ఇంట్లోకి రాకుండా చూడమ్మా. ఇంకేం అడగను" అంది నూకరత్నం. "రాదండీ, పూచీ నాది" అంది హైమవతి. ఇంజనీర్లు అంత తేలిగ్గా మాటివ్వరు. ఈవిడ ఇచ్చేసింది.

అందుకని నేను కొలతలిచ్చి కుట్టించుకున్న జాకెట్టులా తయారయ్యాను. నోరు వెడల్పు, లోపల పీచుని తరిగే కత్తి. కాలనీ మురుగంతా వచ్చి చేరే గొయ్యి, సంపులో, నా పక్కనే నాలాంటిదే ఇంకొకటి, నేను అలిసిపోతే అందుకోవడానికి. మా ఇద్దరికీ బుద్ధి చెప్పేవి పైనించి తీగలకి వేలాడే ప్లాస్టిక్ బంతులు. నీళ్లు పెరిగితే బంతులు తేలతాయి, మేం తిరుగుతాం. నీళ్లు తగ్గితే అవి వాలతాయి, మేం ఆగుతాం. నీళ్లు లేకుండా ఒట్టినే తిరిగితే మోటారులోకి నీళ్లు రానివ్వని నా సీలు మాడిపోతుంది కదా, అందుకని హైమవతి ఇంకో జాగ్రత్త పడింది. బంతులు నీళ్లున్నాయని ఒప్పుకుంటే తప్ప, చేత్తో స్విచ్చి నొక్కినా మేం కదలం. నీళ్లు మితిమీరితే మోగే సైరనుకి మాత్రం వేరే బంతి పెట్టించింది, స్లాబు కింద గొట్టంలో, ఎవరి చెయ్యీ పడనిచోట. ఆ సైరను కూడా ఆఫీసువైపు కాదు, ఇళ్లవైపు తిప్పించింది. మునిగేవాళ్లకి ముందు వినపడాలిగా.

నన్ను చూసుకునే ఆపరేటరు సింహాద్రి. ఒట్టి మంచివాడు. పొద్దున్నే వచ్చి ప్యానెల్ బోర్డుకి దణ్ణం పెట్టుకుని గానీ టీ తాగడు. "నా కూడు పెట్టే తల్లివి" అనేవాడు నాతో. మురుగులో మునిగున్న ఇనుముని తల్లీ అనే మనిషి దొరకడం మాటలా?

ఆ ఏడు దసరాకి ఆయుధపూజ తలపెట్టాడు. నేను నీళ్లడుగున ఉన్నాను, నాకు బొట్టెలా పెడతాడు? అందుకని నా బదులు బంతుల్ని పైకి లాగాడు. సబ్బేసి కడిగి, పసుపు రాసి, కుంకుం పెట్టి, అన్నిటినీ ఒక గుత్తిగా సంపు పైనున్న రెయిలింగుకి చేర్చి, ఇంత లావు బంతిపూల దండతోనే చుట్టి ముడేశాడు. మామిడాకులు కూడా. హారతిచ్చి, గుమ్మడికాయ కొట్టి, పులిహోర గిన్నె పట్టుకుని కాలనీలోకి పంచడానికెళ్లాడు. వచ్చాక దించుదామనుకున్నాడు పాపం.

మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి నల్లగా కమ్ముకొచ్చింది. కొట్టింది చూడండి వాన, మామూలుగా కాదు. నలువైపుల నించీ నీళ్లు సంపులోకి దూకుతున్నాయి. నా తల మీద నిలువెత్తు లేచాయి. పైన బంతులు మాత్రం పూలమధ్య హాయిగా కూర్చుని, నీళ్లు లేవు, నీళ్లు లేవు అని చెబుతూనే ఉన్నాయి. నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? అరిచే నోరు కాదు నాది. ఆ సాయంత్రం నా పుట్టుక మీద నాకే రోతపుట్టింది.

సైరను మోగింది. సింహాద్రి గిన్నె ఎక్కడో పారేసి పరిగెత్తుకొచ్చాడు. స్విచ్చి నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. రెండో పంపుదీ నొక్కాడు. వెనకాలే నూకరత్నం వచ్చింది, చీర మోకాళ్ల దాకా తడిసిపోయి.

"సింహాద్రీ, స్నానాలగది తూములోంచి ఎదురు తన్నుతోంది. మా పిల్ల బాలింత, చంటిది కింద ఉయ్యాల్లో ఉంటే మంచం ఎక్కించొచ్చాను. మంచం దాకా వస్తే ఎక్కడికెళ్లమంటావ్?"

 సింహాద్రి హైమవతికి ఫోను చేశాడు.

"మేడమ్, రెండూ పడుకున్నాయండి. నొక్కినా ఉలుకూ పలుకూ లేదండి."

"కరెంటుందా?"

"ఉందండి. లైటు వెలుగుతోందండి. అమ్మవారికి కోపమొచ్చిందండి, పూజలో ఏదో లోటు చేశాను."

 ఆవిడ నెమ్మదిగా అడిగింది. "పూజ దేనికి చేశారు సింహాద్రిగారూ? బంతులెక్కడున్నాయి?"

సింహాద్రి మెల్లిగా రెయిలింగువైపు తిరిగాడు.  ఉరికాడు, ముడి మీద చెయ్యేశాడు. తడిసిన దారం బిగుసుకుపోయింది, ఊడదు. తెంపేస్తే సరిపోతుంది. చెయ్యి రాలేదు వాడికి. "హారతందుకున్న దండ, పండగపూట ఎలా తెంపను?" అని గొణిగాడు. చంటిబిడ్డ ఏడుపు ఇక్కడికి వినిపిస్తోంది.

"తప్పుకో. అమ్మవారికి నేను చెప్పుకుంటాలే" అంది నూకరత్నం. రెండు చేతులా పట్టి ఫట్‌మని లాగింది. పూలన్నీ సంపులో పడ్డాయి, వాటి వెనకాలే బంతులు. తేలాయి. నేను తిరిగాను. నా జన్మలో అంత కసిగా ఎప్పుడూ తిరగలేదు. దండని దారంతో సహా నమిలేసి, ఏటి అవతలికి ఎత్తిపోశాను. ఉయ్యాల అడుగు తడిసింది గానీ బిడ్డకి చెమ్మ తగల్లేదని తర్వాత విన్నాను.

మర్నాడు హైమవతి వచ్చింది. సింహాద్రి తలొంచుకుని నిలబడ్డాడు, ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. ఆవిడ గట్టుమీద కూలబడి, "నేనూ తప్పు చేశాను సింహాద్రిగారూ. పీచుని లెక్కేసుకున్నాను, జుట్టుని లెక్కేసుకున్నాను. మిమ్మల్ని లెక్కేసుకోలేదు" అంది. నాకేమో నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. నేను మాడిపోకూడదని ఆవిడ బంతులతో స్విచ్చికి తాళం వేసింది, నేను చల్లగా ఉండాలని వాడు పూజ చేశాడు. ఇద్దరికీ నేనంటే ప్రాణమే. ఆ ప్రేమతోనే ఇద్దరూ కలిసి నా చేతులు కట్టేశారు. ఆ వారంలోనే రెయిలింగుకి దూరంగా, ప్యానెల్ బోర్డు పక్క గోడకి ఆవిడ ఒక ఇత్తడి కొక్కెం బిగించింది. దండ ఇక్కడే వెయ్యాలని సింహాద్రి చేత ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడు నేను సామాన్ల యార్డులో, తుప్పుపట్టిన గొట్టాల మధ్య పడున్నాను. నా చోట కొత్తది తిరుగుతోంది. ఇక్కడికొచ్చే ఫిట్టర్లు చెప్పుకుంటుంటారు, హైమవతి మేడమ్ గీసే ప్రతి స్టేషన్లోనూ గోడకో కొక్కెం ఉంటుందట, దేనికో అర్థం కాదట. నాకు అర్థమవుతుంది, కానీ చెప్పలేను. అది నాకు అలవాటే.

మొన్న దసరాకి ఆవిడ ఒక్కతే యార్డుకొచ్చింది. జుట్టు నెరిసింది. వెంట తెచ్చిన బంతిపూల దండ విప్పి, నా మెడకి చుట్టి, గట్టిగా ముడేసింది.

"ఇప్పుడు నీకేం పనుందని. ఎక్కడ కట్టినా పర్లేదులే" అంది.