దించి వచ్చిన చోటు

మిట్టమధ్యాహ్నం బస్టాండులో నిలువనీడ లేని నలుగురిని వ్యానెక్కించేసరికి కానిస్టేబుల్ దురుగప్ప చొక్కా ఒంటికి అంటుకుపోయింది. రేపు మంత్రి వస్తున్నాడు. పెద్దోళ్ల కంటికి ఊరు కళకళలాడాలంటే దిక్కులేనివాళ్లు కనబడకూడదు కదా! తెలుగు మాట్లాడేవాళ్లను ఈ కన్నడ రాష్ట్రం సరిహద్దు దాటించి ఆంధ్రాలో దించి రమ్మన్నాడు ఎస్సై. నోట తెలుగు వస్తే చాలు, వాళ్లది ఆంధ్రాయే అన్నది స్టేషన్లో ఎప్పటినుంచో ఉన్న లెక్క. ఇంట్లో పెళ్లాంబిడ్డలతో తెలుగే మాట్లాడే దురుగప్ప కూడా దాన్ని ఏనాడూ కాదనలేదు.

నిరుడు ఎండాకాలం అలాగే ఒక ముసలమ్మను దించి వచ్చాడు. "మాది కెంచనగుడ్డప్పా, ఆంధ్రా కాదు" అని ఆమె దారిపొడుగునా మొత్తుకుంది. కెంచనగుడ్డ ఈ జిల్లాలోదే. అతను ఆమె పేరైనా అడగలేదు. మూడోనాడు ఆమె శవం రోడ్డు పక్కన దొరికింది. దించిన చోటినుంచి ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి నడిచింది. పడిపోయినా తల ఇటువైపే ఉంది. అప్పటినుంచి వ్యాను ఖాళీగా ఉన్నా వెనక సీటులోంచి ఆ గొంతు వినబడుతుంది. భార్య తాయెత్తు కట్టించింది. తాయెత్తుకు లొంగడానికి అది దయ్యమా? చేసిన పాపం పట్టుకుంది మరి.

"ఉండప్పా, నేనూ ఎక్కుతాండా" అంటూ పూలమ్మే అంజినమ్మ గంపతో సహా వ్యానెక్కి కూర్చుంది.

"నువ్వెందుకక్కా? దిగు."

"నాదీ తెలుగే గదప్పా! ఈ హొన్నూరుస్వామి ఇరవై ఏండ్లు ఈ బస్టాండులోనే మూటలు మోసినాడు. నడుం ఇరిగినాక ఆంధ్రావోడయిపోయినాడా?"

పక్కన కూర్చున్న ముసలాయన తలెత్తలేదు.

"ఆర్డరక్కా. ఈళ్లని ఇంగ యాడ పెట్టల్ల?"

"మా పూలోళ్ల సంఘానికి రేకుల షెడ్డుండాది. కూడు మేం చూసుకుంటాం. ఎవురన్నా వచ్చి ఎల్లగొడితే పోలీసోడు అడ్డం నిలబడల్ల. మేమడిగేది అంతే. నిలబడతావా?"

దురుగప్పకు ఉద్యోగం గుర్తొచ్చింది. అంతలో ఫోను మోగింది.

"ఏనప్పా, గాడి హొరటితా?" బండి బయల్దేరిందా అని ఎస్సై అడుగుతున్నాడు.

వెనక ఐదుగురూ ఊపిరి బిగబట్టారు. ఆరో గొంతు మాత్రం ఆగలేదు.

పై అధికారులతో కన్నడం తప్ప మాట్లాడని దురుగప్ప మొదటిసారి తెలుగులో అన్నాడు. "పోదు సార్. ఈళ్లది ఈ ఊరే. నేను తీసకపోను."

ఫోనులో అరుపులు మొదలయ్యాయి. దాన్ని సీటు మీద పడేసి, దిగి వెనక తలుపు తెరిచాడు.

"దిగు పెద్దాయనా, షెడ్డుకు పోదాం" అని చెయ్యి చాచాడు.

హొన్నూరుస్వామి ఆ చేతిని చూసి, భయంతో సీటు మూలకు జరిగాడు.