పొట్టి కప్పు

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా అత్తగారికి ఆ పెరటి చెట్టుని నేనే. ఎవరెవరి నడుములో, మెడలో నా చేతిలో బాగుపడ్డాయని చెప్పినా, ఆవిడ మాత్రం నా ఆక్యుపంక్చర్‌ని "గుండుసూదుల పని" అనే అనేది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళ మాటలో తప్పు దొరికేదాకా ఆవిడకి నిద్రపట్టదు.

అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం తనంతట తానే నా క్లినిక్ మెట్లెక్కి వచ్చింది. కుడి రెక్క పక్కన పట్టేసి మూడు రోజులైందట.

"మాత్రలతో తగ్గలేదు. సరే, నీ గుండుసూదులు కూడా ఓసారి చూద్దాం," అంది, నా మీద దయ తలిచినట్టు.

కింద కళ్ళజోళ్ళ షాపు, పైన నా క్లినిక్. రెండు మంచాలు, మధ్యలో పచ్చ పరదా, గోడకి ఒంట్లో దారులన్నీ గీసిన చైనా వైద్యపటం. నా పేరుతో బోర్డు పెట్టి ఎనిమిది నెలలు. ఆ బోర్డు కోసం మందుల షాపులో ఉద్యోగం వదిలేశాను. ఇంట్లో అందరూ వద్దన్నారు. అందుకే అత్తయ్య మంచమెక్కి బోర్లా పడుకోగానే నాకు లోపల ఒకటే ఆత్రం. ఈ దెబ్బతో ఈవిడ నోరు మూయించాలి. నన్ను ముంచింది ఆ ఆత్రమే.

ఆవిడ సన్నటి మనిషి. వీపు మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు. మా గురువుగారు మొదటిరోజే చెప్పిన మాట ఒకటుంది. వీపు మీద సూది పడుకోవాలి గానీ నిలబడకూడదు, ఎందుకంటే దాని కింద ఉన్నది ఊపిరితిత్తి. ఆ మాట నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. నాలుగు సూదులు ఏటవాలుగానే పెట్టాను. నొప్పి ఉన్నచోట అయిదోది మాత్రం కాస్త నిలువుగా దించాను. పైపైనే కదా అనుకున్నాను.

అక్కడితో ఆపినా బాగుండేది. దాని మీద కప్పు కూడా పెడదామనిపించింది. దూది స్పిరిట్‌లో ముంచి, వెలిగించి, గాజు కప్పులో ఓసారి తిప్పి తీసి, ఆ కప్పుని టక్కున ఒంటికి బోర్లిస్తే చర్మం కప్పులోకి ఉబ్బుకొస్తుంది. చూసినవాళ్ళు ఎవరైనా నోరెళ్ళబెడతారు. అత్తయ్య బోర్లా పడుకుని ఉంది, ఆ మంట చూడను కూడా చూడదు. అయినా పెట్టాలనిపించింది.

సూది మీద కప్పు పెడితే లోతైన కప్పే పెట్టాలి, లేకపోతే గాజు సూదిని లోపలికి నొక్కేస్తుంది. లోతైనవన్నీ బ్లీచింగ్ నీళ్ళ టబ్బులో నానుతున్నాయి. తీసి కడిగి ఆరబెట్టడానికి అయిదు నిమిషాలు చాలు. అరలో పొట్టి కప్పు చేతికందేలా కనిపించింది. అదే తీశాను.

కప్పు పట్టుకుంది. చర్మం ఉబ్బింది. సూది పిడి గాజుకి తగలడం నా కళ్ళతో చూశాను. అత్తయ్య ఒక్కసారి దగ్గింది.

"చురుక్కుమందే."

"మామూలే అత్తయ్యా."

కప్పు తీసేసరికి, అంతకుముందు వేలి కణుపంత పైకి కనిపించిన సూది ఇప్పుడు పిడి దాకా దిగిపోయి ఉంది. లాగేశాను. రక్తం చుక్క కూడా రాలేదు. గుండ్రంగా ఎర్రటి మచ్చ, అంతే. ఆవిడ లేచి చెయ్యి పైకీ కిందికీ తిప్పి చూసుకుంది.

"పదికి ఆరు," అంది.

ఆవిడ చేతిలో ఆరంటే బంగారు పతకమే. ఆ సంబరంలో సూది సంగతి మర్చిపోయాను. కాదు, మర్చిపోలేదు. ఏం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చాను. చెప్పులు గుమ్మానికి అడ్డంగా వదిలాను. రోజూ దానికి చీవాట్లు పడతాయి. ఆ రోజు పడలేదు. అత్తయ్య కుర్చీలో నిటారుగా, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏంటలా కూర్చున్నారు?"

"పడుకుంటే... గాలి ఆడట్లేదు." ఆ చిన్న మాటని రెండు ముక్కలు చేసి చెప్పింది. "గ్యాస్ అయ్యుంటుంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సూది చేసే రంధ్రం కంటికి కనపడదు. పీల్చిన ప్రతి ఊపిరిలోంచీ కాస్త కాస్త గాలి దాంట్లోంచి బయటికి పోయి తిత్తి చుట్టూ చేరుతుంది. తిత్తి ముడుచుకుపోతూ ఉంటుంది. వెంటనే తెలియదు, గంటలు పడుతుంది. పరీక్షలో ఇదే ప్రశ్నకి నాకు పూర్తి మార్కులొచ్చాయి.

మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. టాక్సీ పిలిచి ఎక్కించాను.

"నువ్వెందుకే... ఇంతలా వణుకుతున్నావు?" అంది ఆవిడ.

చెప్పేశాను. "అత్తయ్యా, నా సూది లోతుగా దిగింది. ఊపిరితిత్తికి తగిలిందేమోనని భయంగా ఉంది."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"బోర్డు పెట్టి... ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు."

"ఊఁ," అంది.

ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు. రోజంతా నిలబడ్డ అలసట మొహంలో కనిపిస్తోంది. ఆవిడ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, అంకె చూసి, వయసుకి ఫర్వాలేదన్నాడు. నొప్పి ఎక్కడంటే అత్తయ్య వీపు చూపించింది.

"దెబ్బేమైనా తగిలిందా?"

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు అత్తయ్య అంది:

"బస్సులో... కుదుపుకి. సీటు కడ్డీ... తగిలింది."

ఎంతమంది పిల్లల అబద్ధాలు మొహం చూసి పట్టేసిందో ఆవిడ! తన అబద్ధం మాత్రం రెప్ప కొట్టకుండా చెప్పింది. నావైపు చూడను కూడా లేదు. లేదనే అనుకున్నాను.

నేను కాదనాలి. అనలేదు. బోర్డు కళ్ళముందు ఆడింది. పోలీసులు, పేపర్లో ఫోటో, "మేం ముందే చెప్పాం" అనే మా ఆయన మొహం, అన్నీ వరసగా వచ్చాయి. వాటి వెనకే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, సిగ్గులేకుండా. అబద్ధమాడింది ఆవిడ కదా, నేను కాదు కదా.

డాక్టరు హడావిడిగా, శాలువా మీదనుంచే స్టెతస్కోపు ఆనించాడు.

"కండరం పట్టింది. నొప్పికి మాత్రలు రాస్తున్నా. ఎక్కువైతే రండి," అని పక్క పరదా వెనక్కి వెళ్ళిపోయాడు.

మందుల కౌంటరు దగ్గర క్యూ. అత్తయ్యని ఇనపబల్ల మీద కూర్చోబెట్టి చీటీ పట్టుకుని నిలబడ్డాను. కౌంటరు పైన గడియారం. ఏడూ పది అయింది. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, నిజంగా కండరమేమో, డాక్టరంతటివాడు చెప్పాడు, అని నాలో నేను గొణుక్కుంటూ వరసలో ఒక్కో అడుగూ ముందుకి జరిగాను. ఏడూ ఇరవై రెండుకి వెనక్కి తిరిగి చూశాను.

ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి. శాలువా జారిపోయింది, సర్దుకోవడం లేదు. ఛాతీ ఎడమవైపు ఎగసెగసి పడుతోంది. కుడివైపు కదలడం లేదు.

"అమ్మా..." అంది నన్ను చూసి. నన్నెప్పుడూ "అమ్మాయ్" అని పిలుస్తుంది. చివరి అక్షరానికి ఊపిరి సరిపోలేదు.

చీటీ ఎక్కడ పడేశానో తెలీదు. పరిగెత్తుకెళ్ళి పరదా లాగి, లోపల పేషెంటున్నా చూసుకోకుండా అరిచేశాను.

"బస్సు కాదండీ! నేను! నేను ఆక్యుపంక్చర్ చేస్తాను. ఆవిడ వీపులో సూది పెట్టాను, దాని మీద కప్పు పెట్టాను, అది లోపలికి దిగిపోయింది. మధ్యాహ్నం రెండున్నరకి!"

"ఎంత లోతు?"

వేలి మీద చూపించాను. ఆయన మొహంలో రంగు మారింది. నన్ను తోసుకుంటూ బయటికి పరిగెత్తాడు.

ఎక్స్‌రేలో కుడివైపంతా నల్లగా ఉంది. తిత్తి పిడికిలంత ముద్దై ఓ మూలకి నక్కింది. పక్కటెముకల మధ్య కోసి గొట్టం పెట్టారు. తలుపు బయట నిలబడి ఆవిడ మూలుగు విన్నాను. ఇంకో అరగంటైతే చెప్పలేకపోయేవాళ్ళమని నర్సు అంది. అప్పటికే పన్నెండు నిమిషాలు నేను క్యూలో నిలబడి పోగొట్టాను.

లోపలికి పంపేసరికి అత్తయ్య పెదాలకి రంగొచ్చింది. మంచం కింద సీసాలో గాలి బుడగలు బుడగలుగా వస్తోంది. ఆ గాలిని తిత్తిలోంచి బయటికి వదిలింది నా చెయ్యే. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను.

"నన్ను క్షమించండి అత్తయ్యా."

"దేనికి? పొడిచినందుకా?"

తలూపాను.

"చేతి తప్పు ఎవరికైనా వస్తుంది. నేను నల్లబోర్డు మీద తప్పు లెక్క చేసిన రోజులు లేవా?" మెల్లగా, ఆగి ఆగి మాట్లాడుతోంది. "నీ కష్టం పోతుందని ఆ కడ్డీ మాట నేనే అన్నా. నేనంటే మాత్రం, నువ్వు ఊరుకోవనుకున్నా. వెంటనే కాదంటావనుకున్నా."

నేను తలొంచుకున్నాను.

"ఓరకంట నీ మొహం చూశానే. హమ్మయ్య అనుకున్నావు." ఆవిడ కళ్ళు మూసుకుంది. "సూది దిగిందన్నప్పుడు కూడా నాకు భయం వెయ్యలేదు. అప్పుడేసింది."

కాదని అందామంటే అది ఇంకో అబద్ధమవుతుంది.

నర్సు ఇంజెక్షన్ తెచ్చింది. చెయ్యి కదలకుండా పట్టుకోమంది. పేషెంటు చెయ్యి ఎలా పట్టుకోవాలో నాకు నేర్పాలా? అలవాటు కొద్దీ నా చెయ్యి చాచాను. అత్తయ్య తన చెయ్యి వెనక్కి లాక్కుంది. కావాలని కాదు, నాకు తెలుసు. తర్వాత తనే చాపి ఇచ్చింది కూడా. కానీ ముందు లాక్కుంది.